ఘనగిరి నీడలో పెనుకొండ

పాఠ్యాంశ పరిచయం

చరిత్ర అనగానే మనకు రాజధానులు, మహానగరాలు గుర్తుకు వస్తాయి. చిన్న పట్టణాలకు చెప్పుకోదగిన చరిత్ర ఉండదని అనుకుంటాము. ఒకప్పుడు రాజధానిగా వెలిగి, తరువాత చిన్న పట్టణంగా మిగిలిన ఊరి విషయం మరింత ఆలోచింపదగినది. అధికారం వచ్చినప్పుడు ఆ ఊరు ఏమి పొందింది, అది తరలిపోయిన తరువాత ఏమి నిలుపుకొన్నది అనే దృష్టితో పెనుకొండను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

హిందూపురం నుంచి ధర్మవరం వైపు రైలులో వెళ్ళేవారికి దారిలో పెద్ద కొండ ఒకటి కనిపిస్తుంది. ఏనుగులు గుంపుగా పడుకున్నట్లు నల్లని బండరాళ్ళు, వాటి నడుమ పొదలు, రాళ్ళ వెంట పాకుతూ పైకి పోయే కోటగోడ, అక్కడక్కడ బురుజులు. ఆ కొండ పాదాన ఉన్న ఊరే పెనుకొండ. పూర్వం అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా సుమారు 27 వేలు. హైదరాబాదు – బెంగళూరు జాతీయ రహదారి ఊరి ప్రక్కగానే పోతుంది. ఆ దారిన పోయే వాహనాలలో ఊళ్ళోకి తిరిగేవి కొన్నే.

'పెను' అంటే పెద్దది. పెద్ద కొండ గల ఊరు కనుక పెనుకొండ. సంస్కృతం ఇష్టపడిన కవులు, శాసనకర్తలు దీనినే ఘనగిరి అనీ, ఘనాద్రి అనీ అన్నారు. పలుకుబడిలోనూ, కావ్యాలలోనూ 'పెనుగొండ' అన్న రూపం కూడా ఉన్నది. పశ్చిమ గోదావరి ప్రాంతంలో వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రమైన పెనుగొండ వేరు, ఇది వేరు. పేరు ఒకటిగా వినిపించడం వలన రెండింటినీ కలగలిపి వ్రాసేవారు ఇప్పటికీ ఉన్నారు.

కోట కట్టక ముందే ఈ ఊరికి పేరున్నది. జైన సంప్రదాయంలో పెనుకొండకు గౌరవస్థానం ఉన్నది. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచి, పెనుకొండ అనే నాలుగింటినీ వారు విద్యాస్థానాలుగా చెప్పుకుంటారు. ఊరిలోని పార్శ్వనాథ ఆలయంలో స్వామి వెనుక మెలికలు తిరిగి నిలిచిన సర్పంతో కూడిన శిల్పం విజయనగర కాలానికంటె పాతది. మరొకవైపు, బాబయ్యగా జనులు పిలుచుకునే బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉన్నది. ఆయన తిరుచిరాపల్లిలోని నత్తర్ వలీ శిష్యుడు. గురువు ఇచ్చిన పండ్లపుల్లను ఎక్కడ నాటితే చిగురిస్తుందో అక్కడే నిలిచిపొమ్మని ఆజ్ఞ అయిందనీ, ఆ పుల్ల పెనుకొండలో చిగురించిందనీ భక్తులు చెబుతారు. ఏటా జరిగే ఉరుసుకు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ప్రాంతాల నుంచి ప్రజలు వస్తారు. వారిలో హిందువులు, ముస్లింలు అన్న తేడా కనిపించదు. ఎండుపుల్ల చిగురించిందన్న కథ వానలు తక్కువైన ఈ సీమలోనే పుట్టడం గమనింపదగినది.

కోట సంగతి శాసనం వలన తెలుస్తున్నది. విజయనగర రాజైన మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు వీర విరుపణ్ణ ఒడెయరుకు అప్పగించాడనీ, అతని కాలంలో కోట లేచిందనీ ఉత్తర ద్వారం వద్ద గల 1354 నాటి శాసనం చెబుతున్నది. అప్పటి నుంచి రెండు వందల ఏండ్లకు పైగా పెనుకొండ విజయనగరానికి భద్రపేటిక వంటిదైంది. పేటికలో నగలు దాచుకుంటాము, బయట కనబడరాని పత్రాలనూ దాచుకుంటాము. విజయనగర పాలకులు పెనుకొండను రెండు విధాలుగానూ వాడుకొన్నారు.

సాళువ నరసింహరాయల మరణానంతరం రాజ్యభారం వహించిన తుళువ నరసనాయకుడు, పేరుకు రాజైన ఇమ్మడి నరసింహుని పెనుకొండలోనే నిర్బంధంలో ఉంచాడు. ఆ యువరాజు 1505లో ఇక్కడే హత్యకు గురయ్యాడు. మహామంత్రి తిమ్మరుసు కథ మీకు తెలిసే ఉంటుంది. యువరాజు మరణానికి కారకుడన్న అనుమానంతో శ్రీకృష్ణదేవరాయలు ఆయన కన్నులు తీయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. ఆ వృద్ధ మంత్రి పెనుకొండలో కడతేరాడని స్థానికులు చెప్పుకుంటారు. ఆయన సమాధి అంటూ చిన్న రాతి మంటపాన్ని చూపుతారు. అది నిజంగా ఆయనదేనా అన్నది చరిత్రకారుల సమస్య. అంతటి మంత్రికి ఆడంబరం లేని ఆ నాలుగు స్తంభాలే చాలునని ఊరివారు నమ్మడం మాత్రం మనసుకు తాకుతుంది.

పెనుకొండ తలరాతను మార్చినది 1565 జనవరి 23. ఆనాడు తళ్ళికోట యుద్ధంగా ప్రసిద్ధమైన రక్కసగి – తంగడి పోరులో అళియ రామరాయలు మరణించాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకొని, విజయనగరం ధనాగారాన్ని ఏనుగులపై ఎక్కించుకొని ఆగ్నేయ దిశగా కదిలాడు. ఏనుగులు అయిదువందల యాభై అని ఒక లెక్క. దాదాపు రెండు వందల కిలోమీటర్ల ఆ ప్రయాణం పెనుకొండలో ఆగింది. తరువాత తిరుమలరాయలు విజయనగరాన్ని మరల నిలబెట్టడానికి ప్రయత్నించకపోలేదు. ఫలితం దక్కలేదు. 1567లో ఆ నగరాన్ని చూచిన సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు, ఇండ్లు నిలిచే ఉన్నా వాటిలో పులులు, అడవి మృగాలు తప్ప మనుషులు లేరనీ, రాజు ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలో ఉన్న పెనుకొండకు తరలిపోయాడనీ వ్రాశాడు.

అలా ఒక కొండ ఊరు సామ్రాజ్యానికి రాజధాని అయింది. పెనుకొండ రాజధానిగా ఉన్న కాలం పాతిక సంవత్సరాలకు కొంచెం ఎక్కువ. ఒక మనిషి పుట్టి పెళ్ళీడుకు వచ్చేటంత కాలం. అయినా ఆ కొద్ది కాలంలో ఊరు పొందినది తక్కువ కాదు. రామరాజభూషణుడు తన 'వసుచరిత్ర'ను అంకితం చేసినది పెనుకొండ ఏలిక తిరుమలరాయలకే. తెలుగు ప్రబంధాలలో సంగీతానికి పెట్టింది పేరైన ఆ కావ్యం, సామ్రాజ్యం కూలిన తరువాత, పారిపోయి వచ్చిన రాజు కొలువుకు చేరిందని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఓడినవాడు ముందుగా సైన్యాన్ని కూర్చుకుంటాడని మనం అనుకుంటాము. తిరుమలరాయలు కవిని కూడా కూర్చుకొన్నాడు.

ఆ కాలపు కట్టడాలలో గగన్ మహల్ ముఖ్యమైనది. రెండంతస్తుల ఈ రాజభవనంలో కమానులు సుల్తానుల పద్ధతివి, పైనున్న శిఖరం దేవాలయ పద్ధతిది. యుద్ధంలో తలపడిన రెండు సంప్రదాయాలు ఇక్కడ ఒకే గోడను పంచుకొన్నాయి. శ్రీరాముని ఆలయం, శివాలయం ప్రక్కప్రక్కనే ఉన్నాయి. రామాలయం గోడల మీద రామాయణ ఘట్టాలు వరుసగా చెక్కి ఉన్నాయి. చదువురాని భక్తుడు కూడా ప్రదక్షిణం చేస్తూ కథ చదువుకొనవచ్చు. షేర్‌ఖాన్ మసీదు మరొక చూడదగిన కట్టడం. పెనుకొండలో రోజుకొకటి చొప్పున మూడు వందల అరవై అయిదు గుడులు ఉండేవని ఊళ్ళో పెద్దలు అంటారు. ఆ సంఖ్యను ఎవరూ లెక్కపెట్టి చెప్పలేదు. ఊరి నాలుగు దిక్కులా తిరిగినవారికి మాత్రం ఆ మాట మీద పెద్దగా అనుమానం కలగదు.

రాజధాని అయినందుకు ఊరు మూల్యం కూడా చెల్లించింది. 1576లో బిజాపురు సైన్యం ముట్టడించింది. ఆ తరువాత, రెండవ వేంకటపతి దేవరాయల పాలన తొలినాళ్ళలో, 1589 ప్రాంతంలో గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కోటను చుట్టుముట్టాడు. వేంకటపతి సంధి మాటలు నడిపి కొంత వ్యవధి సంపాదించాడు. ఆ వ్యవధిలోనే కోటలోకి తిండిగింజలు, మందుగుండు, అదనపు సేనలు చేరిపోయాయి. జగదేవరాయలు పెద్ద దళంతో వచ్చి కోటను కాపాడాడు. ముట్టడి సాగుతుండగా వానకాలం దగ్గరపడింది. కృష్ణానది పొంగితే తన సైన్యానికి తిరుగుదారి మూతపడుతుందని సుల్తాను భయపడి వెనుదిరిగాడు. ఇక్కడికి ఎంతో దూరాన ప్రవహించే కృష్ణ, పొంగకముందే పెనుకొండను కాపాడింది.

కోట నిలిచింది కాని రాజధాని నిలువలేదు. శత్రువుల సరిహద్దుకు ఇంత దగ్గరగా ఉండడం క్షేమం కాదని తోచి, వేంకటపతి దేవరాయలు 1592 ప్రాంతంలో చంద్రగిరికి తరలిపోయాడు. రాజుతో పాటు కొలువు పోయింది. కొలువుతో పాటు కవులు, శిల్పులు, వర్తకులు పోయారు. తరువాత బిజాపురు, మరాఠాలు, మైసూరు, నిజాము... కోట చేతులు మారిన క్రమం చదువుతుంటే విసుగు పుడుతుంది. పన్ను వసూలు చేసేవాని పేరు మారడం తప్ప ఊరివారికి అందులో కొత్తదనం లేకపోయి ఉండవచ్చు. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు ధారపోశాడు. దత్తమండలాలలో భాగమైన పెనుకొండకు సబ్ కలెక్టరు కచేరి వచ్చింది. చక్రవర్తి కూర్చున్న ఊరిలో ఇప్పుడు దొర కూర్చున్నాడు.

రాజులు మారినా మారనిది ఇక్కడి వాన. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. తూర్పు సముద్రం నుంచి వచ్చే ఈశాన్య మేఘాలు ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే విజయనగర రాజులు ఈ సీమలో గుడి కట్టినంత శ్రద్ధగా చెరువు కట్టారు. రాతినేలలో వాననీటిని నిలబెట్టుకొనడమే ఇక్కడ అసలైన రాజ్యపాలన. చెరువులలో పూడిక పేరుకున్న కొద్దీ రైతు బోర్ల మీద ఆధారపడ్డాడు. బోర్లు ఎండిన చోట వానను నమ్ముకొని చెనక్కాయ వేశాడు. నీరున్నవారు మల్బరీ తోటలు పెంచి హిందూపురం సంతకు పట్టుగూళ్ళు చేర్చారు. పంట పోయిన సంవత్సరం బెంగళూరుకు కూలికి వెళ్ళడం ఎన్నో పల్లెలకు అలవాటైంది. ఇంటికి తాళం, లేదా ముసలివారి కాపలా. రాజధాని ఒక్కసారి తరలిపోయింది. మనుషులు మాత్రం ఏటేటా తరలిపోతూ వచ్చారు.

ఊరు వెలవెలబోయినప్పుడు దానిని మాటలలో నిలిపినవాడు మరల ఒక కవి. సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో అనంతపురం జిల్లాలోని చియ్యేడులో జన్మించారు. వారి బాల్యం పెనుకొండలో గడిచింది. కూలిన బురుజుల నడుమ ఆడుకొన్న ఆ బాలుడు, సబ్ కలెక్టరు భార్య అయిన పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నాడు, నాట్యమూ నేర్చుకొన్నాడు. పిన్న వయస్సులోనే 'పెనుగొండ లక్ష్మి' అనే కావ్యాన్ని రచించాడు. శిథిలాల మధ్య నిలిచి, గతించిన వైభవాన్ని తలచుకొని కుమిలిన కావ్యమది. కొన్నేండ్ల తరువాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆయనకు పాఠ్యగ్రంథాలలో ఒకటిగా ఎదురైనది తన 'పెనుగొండ లక్ష్మి'యే. తాను వ్రాసిన పుస్తకం మీద తానే ప్రశ్నలకు జవాబు వ్రాయవలసిన విద్యార్థి లోకంలో అరుదు. తరువాత ఆయన 'శివతాండవం' వంటి రచనలతో దేశమంతటా పేరు పొందారు. 1972లో పద్మశ్రీ బిరుదు అందుకొన్నారు. 1990లో కన్నుమూశారు. రాజులు విడిచిన ఊరు ఆయనకు తొలి కావ్యవస్తువు అయింది.

2016లో హంద్రీ – నీవా కాలువ ద్వారా కృష్ణాజలాలు పెనుకొండ మండలంలోని గొల్లపల్లి జలాశయానికి చేరాయి. నాలుగు వందల ఏండ్ల క్రితం శత్రుసైన్యాన్ని భయపెట్టి వెనుకకు పంపిన కృష్ణ, ఈసారి ఎత్తిపోతల పంపుల మీదుగా కొండలెక్కి తానే వచ్చింది. మరుసటి సంవత్సరం, 2017 ఏప్రిల్‌లో, కొరియా దేశపు కియా సంస్థ ఇక్కడ కార్ల కర్మాగారం నెలకొల్పడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నది. కర్మాగారానికి నీరు గొల్లపల్లి నుంచే. మండలంలోని ఎర్రమంచి వద్ద 536 ఎకరాలలో, ఏడాదికి మూడు లక్షల కార్లు తయారు చేయగల ఆ కర్మాగారం లేచింది. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ కారు బయటకు వచ్చింది. 2023 జూలై నాటికి పది లక్షల కార్లు ఇక్కడ తయారయ్యాయి.

పాత కోట వాకిళ్ళలో ఒకదాని పేరు ఎర్రమంచి వాకిలి. అక్కడ సుమారు పదకొండు అడుగుల ఆంజనేయస్వామి నిలిచి ఉన్నాడు. ఆ పల్లె వైపే ఇప్పుడు కార్మికుల బస్సులు పోతున్నాయి. రహదారి ప్రక్కన కొరియా లిపిలో బోర్డులు, కొరియా భోజనశాలలు వెలిశాయి. అద్దెలు పెరిగాయి, భూముల ధరలు పెరిగాయి. మెట్టభూమి ఇచ్చిన రైతుకు డబ్బు వచ్చింది, భూమి పోయింది. ఐటిఐ, డిప్లొమా చదివినవారికి బెంగళూరు వెళ్ళనవసరం లేని ఉద్యోగం ఊరి పొలిమేరలోనే దొరికే అవకాశం కలిగింది. ఇది చిన్న విషయం కాదు. అయితే పెనుకొండకు పెద్ద కొలువు రావడం ఇది మొదటిసారి కాదు. కొలువు ఎక్కడ ఉండాలో నిర్ణయించేవారు ప్రతిసారీ వేరొకచోటివారే. 1592లో ఊరిని అడిగి ఎవరూ చంద్రగిరికి వెళ్ళలేదు. అందువలన బయటి నుంచి వచ్చినదానితో పాటు, ఊరిలో ముందు నుంచీ ఉన్నదానితో కూడా బ్రతకగలమా అన్న ప్రశ్న పెనుకొండ వేసుకోక తప్పదు.

ఇదే ప్రశ్నను ఎదుర్కొన్న మరొక కొండ ఊరు జపాన్‌లో ఉన్నది. షికోకు దీవిలోని కమికత్సు. దాని జనాభా సుమారు 1,400. అక్కడివారు కలప మీద, నారింజ తోటల మీద బ్రతికేవారు. విదేశీ కలప చౌకగా రావడంతో మొదటిది దెబ్బతిన్నది. 1981 చలికాలపు మంచుకు నారింజ చెట్లు చచ్చిపోయాయి. యువకులు నగరాలకు పోగా ముసలివారు మిగిలారు. అక్కడి వ్యవసాయ సహకార సంఘంలో ఉద్యోగి అయిన యొకొయిషి తొమొజికి ఒక ఆలోచన తోచింది. జపాన్ భోజనశాలలలో వడ్డించిన పదార్థం ప్రక్కన ఋతువును బట్టి ఒక ఆకో, పూవో అలంకారంగా పెడతారు. మన కొండ మీద ఊరికే రాలిపోయే ఆకులను అమ్మితే ఏమి? 1986లో మొదలైన ఆ వ్యాపారంలో ప్రధానంగా వృద్ధస్త్రీలే పాల్గొన్నారు. వారు కంప్యూటరులో ఆర్డర్లు చూచుకొని, తెల్లవారి ఆకులు కోసి, కట్టలు కట్టి నగరాలకు పంపుతారు. 2003లో ఆ ఊరు చెత్తను పూర్తిగా లేకుండా చేస్తామని ప్రకటించింది. చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరుచేసి, అందులో సుమారు ఎనభై శాతాన్ని తిరిగి వాడకంలోకి తెస్తున్నది. ఇంత చేసినా అక్కడ జనాభా తగ్గుతూనే ఉన్నది. కనుక దానిని అద్భుతంగా చెప్పడం తగదు. బ్రతికినంత కాలం పని ఉన్న ముసలివారు ఆ ఊరిలో కనిపిస్తారు, అంతే. అది మాత్రం తక్కువా?

పెనుకొండ కమికత్సు కాదు. ఇక్కడి కొండ మీద అమ్ముకోదగిన ఆకులు లేవు. ఉన్నది ఆరు వందల ఏండ్ల రాతి సంపద. దాని స్థితి చూస్తే బాధ కలుగుతుంది. గుప్తనిధులున్నాయన్న ఆశతో రాత్రిపూట తవ్వేవారు ఈ సీమలో ఎన్నో విగ్రహాలను పెకలించారు, మంటపాల నేలను గుంటలు చేశారు. తిరుమలరాయలు ఏనుగుల మీద తెచ్చిన ధనం ఇంకా ఇక్కడే ఉన్నదని వారి నమ్మకం. ఆ ధనం యుద్ధాలకు, జీతాలకు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుందని వారికి చెప్పేవారు కావాలి. కోటరాళ్ళతో కట్టిన పశువులపాకలు ఇటువంటి పాత ఊళ్ళలో కొత్త కాదు. పేదవాడు పాక కట్టుకొన్నందుకు కోపం తెచ్చుకోలేము. ఒక్క రాత్రి ఆశకు మంటపాన్ని కూల్చినవానిని మాత్రం క్షమించలేము.

బెంగళూరు నుంచి లేపాక్షి నంది వరకు వచ్చి చూచి వెళ్ళేవారు ఏటా వేలలో ఉంటారు. వారిలో ఎక్కువమంది ఇంకొక గంట ప్రయాణం చేసి పెనుకొండకు రారు. వచ్చినవారు 142 అడుగుల పొడవైన నిద్రిస్తున్న కుంభకర్ణుని విగ్రహం చూచి, పిల్లలను దాని పొట్టలోకి పంపి, ఫోటోలు తీసుకొని వెళతారు. ఆ సిమెంటు కుంభకర్ణుని మీద మనకు విరోధం లేదు. అతనిని చూడవచ్చినవారిని రామాలయం గోడల దాకా నడిపించి, అదే కుంభకర్ణుని కథ నడిచే రామాయణాన్ని రాతిలో చూపి, ఏ ఘట్టం ఎక్కడ ఉన్నదో తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పగల యువతీయువకులు పదిమంది ఉంటే చాలు. కొండ ఎక్కే దారి తెలిసినవారు, శాసనాల లిపి కొంత చదవగలిగినవారు, బాబయ్య పండ్లపుల్ల కథను, పార్శ్వనాథుని సర్పాన్ని ఒకే గౌరవంతో వివరింపగలిగినవారు. అటువంటివారు బయటి నుంచి రారు. వారు ఇప్పుడు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం జూనియర్ కళాశాలల తరగతి గదులలో కూర్చొని ఉన్నారు. పరీక్షల తరువాత వారిలో కొందరు ఎర్రమంచి బస్సు ఎక్కుతారు, కొందరు బెంగళూరు రైలు ఎక్కుతారు. కొండ ఎక్కేవారు ఎందరో ఇంకా తేలవలసి ఉన్నది.

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. పెనుకొండను విజయనగర పాలకులకు 'భద్రపేటిక' అని రచయిత ఎందుకు అన్నారు?
2. పెనుకొండ చరిత్రలో కృష్ణానది పాత్రను రెండు సందర్భాలతో వివరించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. వేంకటపతి దేవరాయలు రాజధానిని ఎందుకు మార్చాడు?
2. 'పెనుగొండ లక్ష్మి' కావ్యానికి సంబంధించిన విశేషం ఏమిటి?
3. కమికత్సు ప్రజలు ఆకులను ఎలా జీవనాధారం చేసుకొన్నారు?

ఇ) విడదీసి, సంధి పేరు వ్రాయండి: ఘనాద్రి, శివాలయం, జలాశయం.

ఈ) మీ ఊరిలోని ఒక పాత చెరువు, గుడి, మసీదు లేదా కోటను గురించి పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుట వ్యాసం వ్రాయండి. పెద్దలు చెప్పిన కథను, శాసనం లేదా గ్రంథం వలన తెలిసిన విషయాన్ని వేరువేరుగా చూపండి.